ఎడమ నుంచి రెండో కుర్చీ

పోయినవారం భాగంలో నా మేనకోడలు పదకొండో ప్రశ్న దగ్గర పెన్సిలు కింద పెట్టేసింది. ఇంకా పదహారు నిమిషాల టైము మిగిలే ఉంది. లా ఎంట్రన్సుకు తొమ్మిది రోజులుంది. "మామయ్యా, ఈ గది నాకు తెలుసు" అంది. కథ అక్కడ ఆగింది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. మా పిచ్చుకకి ముప్ఫై ఏళ్ళు. పిచ్చుక అన్నది వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. అసలు పేరుతో పిలిస్తే ఇప్పటికీ పలకదు. నోటరీ ఆఫీసులో టైపు చేస్తుంది. వాళ్ళ నాన్న, అంటే మా అక్క మొగుడు, కోర్టు రికార్డు గదిలో గుమస్తా. ఇరవై రెండేళ్ళ క్రితం ఆ గది బీరువాలోంచి ఒక అసలు వీలునామా మాయమైంది. విచారణ జరిపి, మా బావే తీశాడని తేల్చి, ఉద్యోగం పీకేశారు. అప్పటికే అక్క లేదు. "నేను తియ్యలేదు" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పి చెప్పి, మూడేళ్ళకు ఆ మాట అనడం మానేశాడు. ఆ ఏడాదే పోయాడు. పదకొండేళ్ళ పిల్లని నేనూ మా ఆవిడా ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆవిడ కూడా ఆ రికార్డు గదిలోనే టైపిస్టు. ఆ ఉద్యోగానికి దగ్గరుండి దరఖాస్తు పెట్టించింది బావే. మా ఆవిడ పోయి ఐదేళ్ళవుతోంది.

పిచ్చుక లా చదువుతానంటున్నది ఒక్కందుకే. ఆ పాత ఫైలు మళ్ళీ తెరిపించి, తండ్రి పేరు పక్కన రాసిన మాటని కొట్టేయించాలి. మొదటిసారి ఎంట్రన్సు రాసి తప్పింది. ఇది రెండోసారి.

మాక్ టెస్టులకి ఇంట్లో టైము చూసేది నేను. మా ఆవిడ వంటింటి గడియారమే నా చేతిలో ఉంటుంది. తిప్పి వదిలితే టిక్కు టిక్కుమంటూ వెనక్కి వచ్చి గణగణా మోగే చిన్న గడియారం. దాన్ని కొన్నది కూడా ఒక తమాషా కారణానికి. మా కాపురం మొత్తం మీద ఆవిడ పాలు మాడబెట్టింది ఒకే ఒక్కసారి. నేను ఇంటికి వచ్చేసరికి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఇల్లంతా మాడు వాసన. "పాలు మాడిపోయాయండీ" అంది తల ఎత్తకుండా. మర్నాడే ఈ గడియారం కొనుక్కొచ్చి, "ఇకనుంచి నీకు ఇదే కాపలా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాని పోయేదాకా దాన్ని వదల్లేదు. ఇప్పుడు అది నాకు తోడు. ముసలితనంలో చేతికి ఏదో ఒక పని దొరకడం, అదీ ఆవిడ వస్తువుతోనే దొరకడం, చిన్న అదృష్టమేమీ కాదు.

ఇక కథలోకి.

ప్రశ్నపత్రం అందుకుని పదకొండో ప్రశ్న నేనూ చదివాను. పిచ్చుకకి లాజికల్ రీజనింగు పేపర్లు తయారుచేసి ఇచ్చేది సున్నా మాస్టారు. ఊహించి రాసిన జవాబుకి నిర్దాక్షిణ్యంగా సున్నా వేస్తారని పిల్లలు ఆ పేరు పెట్టారు. ప్రతి ఆదివారానికి ఒక పేపరు, ఆయన సొంత దస్తూరీతో. ప్రశ్న ఇలా ఉంది:

'ఒక గదిలో పొడుగాటి బల్ల వెనక ఒకే వరసలో ఆరు కుర్చీలు. కౌంటరు దగ్గర నిలబడ్డ జనానికి, ఎప్పుడూ దగ్గే మనిషి ఎడమ చివర కనిపిస్తాడు. కొత్తగా పెళ్ళయిన మనిషి రెండో చివర. దగ్గే మనిషి పక్కనే కూతురున్న మనిషి. ఆ కూతురు రోజూ బడి వదిలాక వచ్చి తండ్రి కుర్చీ వెనక నిలబడుతుంది. కొత్తగా పెళ్ళయిన మనిషి పక్కనే, కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనని మనిషి. మధ్యలో ఇద్దరికీ ఈ కథతో పనిలేదు. ఒకరోజు బీరువా తలుపు తెరిచి ఉన్న సమయంలో, ఎడమ నుంచి రెండో కుర్చీ ఖాళీగా ఉండడం ఒకరు చూశారు. బీరువా తెరిచింది ఎవరు?'

కింద నాలుగు జవాబులు. ఎ, దగ్గే మనిషి. బి, కూతురున్న మనిషి. సి, కాళ్ళు నేలకు ఆనని మనిషి. డి, ఇచ్చిన సమాచారం చాలదు.

"ఆ కూతుర్ని నేనే, మామయ్యా" అంది పిచ్చుక. గొంతు మామూలుగానే ఉంది. చేతులే ఒళ్ళో దాచుకుంది. "నాన్న కుర్చీ వెనక నిలబడి ఆయన టిఫిను డబ్బాలో మిగిలింది ఏరుకుని తినేదాన్ని. అందుకే పిచ్చుకనయ్యాను."

నా వేలు మాత్రం వేరే లైను మీద ఆగిపోయింది. కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనని మనిషి. ఊళ్ళో పొట్టివాళ్ళు బోలెడుమంది ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను.

"మొదటి వారం మన ఇల్లు" అంది పిచ్చుక, వేళ్ళు ముడుస్తూ. "నాలుగు గదులు, పొద్దుటి ఎండ రాని గదిలో కుట్టుమిషను. సరే, కాకతాళీయం అనుకున్నాం. రెండో వారం తాళాల గుత్తి. అయిదు తాళంచెవుల్లో ఒకటి ఆ ఇంట్లో దేనికీ పట్టదు, అది ఏది? మన గుత్తి తీసి చూస్తే అయిదే ఉన్నాయి, ఒకటి దేనికీ పట్టలేదు. మీరు నవ్వి జేబులో వేసుకున్నారు. ఇప్పుడిది. ఇక నవ్వకండి."

నేను నవ్వలేదు. ఆ తాళంచెవి ఇంకా నా జేబులోనే ఉంది.

"పద, వెళ్ళి అడుగుదాం" అన్నాను.

"టెస్టు ఆపేశానని సున్నా వేస్తారు."

"వేస్తే వెయ్యనీ. నాక్కూడా ఒకటి వెయ్యమందాం."

సున్నా మాస్టారి ట్యూషను పాత మేడ మీద. కింద పుస్తకాలు బైండు చేసే షాపు ఉండేది, మూసేసి చాలా కాలమైంది. అయినా మెట్లు ఎక్కుతుంటే జిగురు వాసన వస్తూనే ఉంటుంది. పైన పొడుగాటి వసారా, ఒక పక్కన వరసగా మూడు గదులు. పదిన్నర దాటింది. ఎండ వసారా నిండా పరుచుకుని ఉంది. ఆదివారాలు క్లాసుండదు కాబట్టి బెంచీలన్నీ ఖాళీ. ఒక్కొక్క బెంచీ మీద పెయింటుతో నంబరు. ఎవరూ లేని బెంచీల ముందు ఒక్కొక్క జవాబుపత్రం, దాని మీద ఒక్కొక్క పెన్సిలు, ఇప్పుడే ఎవరో వచ్చి కూర్చోబోతున్నట్టు పేర్చి ఉన్నాయి. గాలికి కాగితాలు ఒక్కసారిగా లేచి, మళ్ళీ ఒక్కసారిగా పడుకున్నాయి. పిచ్చుక నా మోచెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు అలా పట్టుకునేది.

మాస్టారు చివరి గదిలో ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో. బల్ల మీద మూడు గ్లాసుల మంచినీళ్ళు. మూడింటి మీదా చిన్న చిన్న మూతలు. ఎదురుగా రెండు కుర్చీలు. ఒకదాని మీద మెత్త వేసి ఉంది.

"మెత్తది మీకు" అన్నారు నాతో. "నడుం నొప్పి అని అమ్మాయి చెప్పింది."

"మేం వస్తున్నట్టు మీకెలా తెలుసు, మాస్టారూ?" అంది పిచ్చుక.

"పదకొండో ప్రశ్న ఇచ్చాను కదమ్మా. ఇవాళో రేపో వస్తావని మూడు గ్లాసులు పెట్టుకున్నాను. కూర్చో."

"కూర్చోను. ఈ ప్రశ్న ఎక్కడిది?"

"ముందు జవాబు చెప్పు. టెస్టు మధ్యలో లేచి వచ్చావు. జవాబు లేకుండా మాట్లాడితే సున్నా."

"మాస్టారూ!" అన్నాను నేను.

"చెప్పనివ్వండి, మామయ్యా" అంది పిచ్చుక. పేపరు బల్ల మీద పరిచింది. "చూడగానే చెయ్యి 'బి' మీదకే పోయింది. కౌంటరు వైపు నుంచి ఎడమ చివర దగ్గే మనిషి, పక్కన రెండోది కూతురున్న మనిషి. మీ పిల్లలంతా అదే గీసి ఉంటారు."

"పంతొమ్మిది బ్యాచీలు" అన్నారు మాస్టారు. "అందరూ 'బి'. ఒక్కడు కూడా తప్పలేదు."

"నాది 'డి'. ఇచ్చిన సమాచారం చాలదు."

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎందుకు చాలదు?"

"దగ్గే మనిషి ఎడమ చివర కనిపించేది కౌంటరు దగ్గరున్న జనానికి. ఖాళీ కుర్చీ చూసింది జనం కాదు, ఎవరో ఒకరు. ఆ ఒకరు ఎక్కడ నిలబడి చూశారో మీరు రాయలేదు. కౌంటరు వైపు నుంచి చూస్తే ఒక జవాబు. వెనక నుంచి చూస్తే ఇంకొకటి. అది తెలియకుండా ఎవరి పేరు పెట్టినా ఊహే. ఊహకి మీరు సున్నా వేస్తారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. వసారాలో కాగితాలు మళ్ళీ ఒకసారి లేచి పడ్డాయి.

"వెనక నుంచి" అన్నారు. "ఫైళ్ళు పెట్టే రాకుల వెనక నుంచి. ఉద్యోగంలో చేరి మూడో రోజు. ఎవరెవరో పేర్లు కూడా సరిగా తెలీదు."

నాకు అప్పుడు ముఖం గుర్తొచ్చింది. విచారణ రోజుల్లో కోర్టు వసారాలో గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి. జుట్టు నల్లగా ఉండేది. మధ్యవయసులో మొదటి గవర్నమెంటు ఉద్యోగం దొరికిందని, అది కూడా పోతుందేమోనని బిక్కుబిక్కుమంటూ ఉండేవాడు.

"సాక్షి మీరేనా?" అంది పిచ్చుక.

"నేనే."

"మా నాన్నని ముంచింది మీరా!"

"నేను చూసింది చెప్పానమ్మా. ఆ రోజు కౌంటరు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు, అందరూ అటే చూస్తూ పనిచేస్తున్నారు. నేను రాకుల్లోంచి ఒక కట్ట తీస్తున్నాను. బీరువా తలుపు తెరిచి ఉంది. తలుపు అడ్డం, మనిషి కనిపించలేదు. వరసలో ఎడమ నుంచి రెండో కుర్చీ ఖాళీగా ఉంది. విచారణలో అడిగారు, ఏ కుర్చీ అని. ఎడమ నుంచి రెండోది అన్నాను. వాళ్ళ ముందు ఆ గది పటం ఉంది. కౌంటరు వైపు నుంచి గీసింది. ఆఫీసరుగారు ఎడమ నుంచి రెండు లెక్కపెట్టి, ఆ గడిలో పేరు చదివారు."

"పటం మీకు చూపించలేదా?"

"లేదు. ఎక్కడ నిలబడి చూశావని కూడా ఎవరూ అడగలేదు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు, చెప్పాను. బయటికి రాగానే మీ నాన్న నా చెయ్యి పట్టుకుని, 'అన్నా, నేను లేవలేదు, కావాలంటే నా కూతురి మీద ఒట్టు' అన్నాడు. అది నన్ను వదల్లేదు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేశాను. ట్యూషన్లు మొదలెట్టాను. ఆ గదినే ప్రశ్నగా రాసి ప్రతి బ్యాచీకీ ఇచ్చాను. నేను చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒక్కడైనా వేరే జవాబు తెస్తాడేమోనని. నా తప్పు ఎక్కడుందో నాకే తెలీదు, వాళ్ళకేం తెలుస్తుంది! అందరూ 'బి' అనేవాళ్ళు. నేను మార్కు వేసేవాణ్ణి."

"మార్కు వేసేవారు" అంది పిచ్చుక. ఆ మాట మెల్లగా అంది. అరిచినా బాగుండేదనిపించింది నాకు. "మూడేళ్ళు, మాస్టారూ. మా నాన్న మూడేళ్ళు బతికున్నారు. మీరొక్కసారి వచ్చి ఆ కుర్చీల బొమ్మ గీసి చూపిస్తే ఆయనే కనిపెట్టేవారు. లెక్కలంటే అంత ఇష్టం ఆయనకి."

ఆయన తల వంచుకున్నారు. సొరుగు తీసి ఒక కాగితం బల్ల మీద పెట్టారు. రాకుల వెనక నుంచి చూశానని, పటం తనకి చూపలేదని, ఏ న్యాయస్థానంలోనైనా ప్రమాణం చేసి చెబుతానని రాసి కింద సంతకం చేశారు.

పిచ్చుక దాన్ని పైనుంచి కిందకి చదివింది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ చదివింది.

"తేదీ వెయ్యలేదు" అంది. "తండ్రి పేరు, వయసు, చిరునామా లేవు. సాక్షుల సంతకాలు లేవు. ఇలా తెస్తే మా నోటరీగారు మొహాన కొడతారు."

"నువ్వు టైపు చెయ్యి. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను సంతకం."

ఇరవై రెండేళ్ళ తరవాత మా బావ పక్షాన ఒక కాగితం పుట్టింది. అది బల్ల మీద ఎండలో పడుకుని ఉంటే, మా అక్క ఎక్కడున్నా ఇవాళ కంటినిండా నిద్రపోతుందనిపించింది. లేచి పిచ్చుక తల మీద చెయ్యి వేద్దామనుకున్నాను.

అప్పుడే పిచ్చుక ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో గీసుకున్న ఆరు కుర్చీల గళ్ళు దాని మీదే ఉన్నాయి. కాగితాన్ని ఎండకి ఎత్తిపట్టి, వెనక్కి తిప్పింది. పెన్సిలు గీతలు వెలుతురులోంచి ఇవతలికి కనిపించాయి. వరస తిరగబడింది. దగ్గే మనిషి కుడి చివరికి పోయాడు.

"ఎడమ నుంచి ఒకటి, కొత్తగా పెళ్ళయిన మనిషి" అంది. "రెండు..."

ఆగిపోయింది.

పిచ్చుకకి పదకొండేళ్ళప్పుడు మా ఇంట్లో బల్ల దగ్గర దాని పక్కన కూర్చుని అన్నం తినిపించిన మనిషికి కాళ్ళు నేలకు ఆనేవి కావు. మాట్లాడుతూ కాళ్ళు ఊపేది, బడిపిల్లలా. అది చూసి పిచ్చుక కూడా ఊపేది. ఇద్దరినీ చూసి నేను ఎన్ని సాయంత్రాలు నవ్వుకున్నానో.

"మామయ్యా" అంది, కాగితం దించకుండానే. "మన ఇల్లు, మన తాళాలు... అవి మాస్టారికెలా తెలుసు?"

"ఆ రెండు ప్రశ్నలూ నావి కావమ్మా" అన్నారు మాస్టారు.

గదిలో ఎండ అలాగే ఉంది. జేబులోని తాళంచెవి నా చేతికి తగిలింది, అది ఏ బీరువాదో ఇప్పుడు తెలిసింది.

"ఆరేళ్ళ క్రితం ఒకావిడ వచ్చారు. పొట్టిగా ఉన్నారు. ఆ వసారాలో నోటీసు బోర్డు మీద మోడలు పేపరు అంటిస్తాను కదా, దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఎవరి తల్లో అనుకున్నాను. లోపలికి వచ్చి, ఇదిగో మీరు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చున్నారు." ఆయన నావైపు చూశారు. "'మీ పదకొండో ప్రశ్నకి జవాబు నాకు తెలుసు, అది బి కాదు' అన్నారు. 'మీరు ఎక్కడ నిలబడి చూశారో రాయండి మాస్టారూ, జవాబు మారుతుంది' అన్నారు. నా తప్పేమిటో నాకు తెలిసింది ఆ క్షణంలోనే."

"ఆరేళ్ళ నుంచీ తెలుసా మీకు!" అంది పిచ్చుక.

"తెలుసు. ఒట్టు వేయించుకున్నారు. ఒక కవరు ఇచ్చారు. 'మా పిల్ల లా పరీక్షకి కూర్చోకూడదని రోజూ కోరుకుంటాను. కూర్చోకపోతే ఇవి కాల్చెయ్యండి. కూర్చుంటే మాత్రం వారానికి ఒకటి చొప్పున ఇవ్వండి, ఆఖర్న మీది ఇవ్వండి. నేను నోటితో చెప్పలేను. అది లెక్క కట్టి తెలుసుకుంటే దాని తెలివికి నేను తలవంచినట్టవుతుంది' అన్నారు. ఏడాదికే పోయారని తెలిసింది. నువ్వు పోయినేడాది వేరేచోట కోచింగు తీసుకున్నావు, నాకు తెలీదు. ఈసారి నా దగ్గరికి వచ్చి పేరు రాయించావు."

లా తప్ప ఏదైనా చదువుకోమని మా ఆవిడ పిచ్చుకని బతిమాలేది. నల్లకోటు ఆడపిల్లకి కష్టమని అంటోందనుకున్నాను. అది పిల్ల మీద ప్రేమే అనుకున్నాను. ప్రేమ కూడా అయి ఉండొచ్చు.

"అత్తయ్య ఎందుకు తీసిందట?" అంది పిచ్చుక. కాగితం చేతిలోంచి జారి కింద పడింది. అది చూసుకోలేదు. "వీలునామా అత్తయ్యకెందుకు? ఎవరి కోసం తీసింది?"

"నాకు చెప్పలేదు. కవర్లో మొత్తం మూడున్నాయి. రెండు నీకు ఇచ్చాను. మూడోది నీకు కాదు."

సొరుగు అడుగునుంచి తీశారు. పాత క్యాలెండరు కాగితం, వెనకవైపు రాసి, నాలుగు మడతలు పెట్టి, అంచులు జిగురుతో అంటించి ఉంది. పైన రాసిన నాలుగు మాటలు నేను దూరం నుంచే గుర్తుపట్టాను. అక్షరం కాస్త కుడికి ఒరుగుతుంది. ముప్ఫై ఏళ్ళు నా చొక్కా జేబులో సరుకుల చీటీగా తిరిగిన దస్తూరీ.

'టైము చూసే మనిషికి మాత్రమే.'

"మీరే టైము చూస్తారని ఆవిడకెలా తెలుసో!" అన్నారు మాస్టారు.

ఎలా తెలియదు? ఆ పిల్ల చదువుకుంటుంటే నేను ఇంకో గదిలో ఉండలేనని ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

పిచ్చుక కాగితం తీసుకుంది. నా చేతికి ఇవ్వలేదు. అంచులు తనే విప్పింది. నిలబడే పైకి చదివింది, కోర్టులో గుమస్తా చదివినట్టు, ఎత్తుపల్లాలు లేకుండా.

"'చివరి ప్రశ్న. మూడు నిమిషాలు. ఒక ఇంట్లో భార్య, భర్త. ఒక సాయంత్రం 5.30కి భర్త ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి మాడిన వాసన. భార్య ఒక మాట చెప్పింది. భర్త సరే అన్నాడు. మర్నాడు బజారు నుంచి ఒక వస్తువు తెచ్చి ఇచ్చాడు. మళ్ళీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆ భర్తకి... ఎ, ఏమీ తెలియదు. బి, అంతా తెలుసు. సి, తెలుసుకోవడం ఇష్టం లేదు. డి, ఇచ్చిన సమాచారం చాలదు.'"

చదవడం అయిపోయింది. కాగితం నా ముందు పెట్టింది. 5.30లో సున్నా మధ్యన చుక్క ఉంది. ఇంగ్లీషు ఓ అక్షరానికీ సున్నా అంకెకీ తేడా తెలియాలని టైపు నేర్చుకున్న రోజుల్లో పట్టుబడ్డ అలవాటు.

"దేని గురించి మామయ్యా ఇది? ఏం మాడింది?"

గడియారం ఇంటి నుంచి వస్తూ నా చేతిలోనే తెచ్చుకున్నానని అప్పటిదాకా గమనించలేదు. పిచ్చుక దాన్ని నా వేళ్ళలోంచి మెల్లగా విడిపించింది. కోపంగా కాదు. అది వాళ్ళత్తయ్య పెంచిన పిల్ల, వస్తువుని విసురుగా లాక్కోవడం దానికి రాదు. తిప్పి, మూడు దగ్గర పెట్టి, బల్ల మీద నాకు ఎదురుగా ఉంచింది. మాస్టారు ఒక పెన్సిలు నావైపు దొర్లించారు.

"ఊహించి రాస్తే సున్నా, మామయ్యా" అంది.

టిక్కు టిక్కుమని మొదలైంది.

పెన్సిలు తీసుకున్నాను. చెయ్యి 'డి' వైపు పోయింది. ఇచ్చిన సమాచారం చాలదు. మంచి జవాబు. ఎవరినీ నొప్పించదు. ఈ పిల్లకి ఇందాక మార్కు తెచ్చిపెట్టింది కూడా అదే.

కాని ఆ సాయంత్రం మా హాల్లో ఇంకొక మనిషి కూడా కూర్చుని ఉన్నాడు. వీలునామా కనిపించడం లేదని, తనమీదకే వచ్చేలా ఉందని చెప్పుకోవడానికి ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు మా బావ. మాట మధ్యలో ఆపి, గాలి పీల్చి, "ఏం మాడిందమ్మా?" అని వంటింటివైపు కేకేశాడు. "పాలండీ" అని లోపలి నుంచి జవాబొచ్చింది. నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పక్కన పాలగిన్నె ఉంది. దాని మీద మూత ఉంది. మూత తీసి చూశాను.

గిన్నె నిండా తెల్లటి పాలు, మీగడ కట్టి, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మరి మాడిందేమిటని అడగకుండా మూత మళ్ళీ పెట్టేశాను.

గడియారంలో ముల్లు రెండు దాటింది. పిచ్చుక నా పెన్సిలు మొన వైపే చూస్తోంది.